నాలుగు డోర్ ప్యాడ్లు, మూడు వర్క్‌షాపులు, ఐదు రోజులు

మా 1972 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకి ఇంజను పని, పెయింటు అయ్యాక లోపలివైపు రేకుని కప్పే ప్యాడ్లు మిగిలాయి. తలుపులవి రెండు, వెనక సీటు పక్కన రెండు. అడుగున హార్డ్‌బోర్డు నీళ్లు పీల్చి అట్టపెట్టెలా ఉబ్బింది, రెక్సిన్ లేచిపోయింది. వాటిని విప్పి వెనక సీట్లో పడుకోబెట్టి, బోసి తలుపులతోనే నేనూ తమ్ముడూ బయల్దేరాం.

మొదట ఆగింది రెడీమేడ్ సెట్లు అమ్మే చోట. మర్యాదగా మాట్లాడారు, గంటలో సెట్టు చేతికొచ్చింది. పాత ప్యాడ్ మీద కొత్తది పెట్టి చూద్దును కదా, వెనకవి అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. తలుపులవాటికి మాత్రం క్లిప్పుల రంధ్రాలు కొన్ని అర వేలి వెడల్పంత పక్కకున్నాయి. మళ్లీ వేసిస్తామన్నారు కానీ, అంచు దగ్గర పక్కపక్కనే రెండేసి రంధ్రాలు పడితే బోర్డు అక్కడే చిరుగుతుంది. వెనక ప్యాడ్లు మాత్రమే తీసుకున్నాం. ఇక్కడికి వెళ్లేవాళ్లు పాత ప్యాడ్ వెంట తీసుకెళ్లాల్సిందే. రంగు చూసుకోవడానికీ అదే ఆధారం. ఎండ తగిలిన చోటల్లా మాది వెలిసిపోయింది, ఆర్మ్‌రెస్ట్ విప్పితే దాని కింద అసలు రంగు అరచేతి మేర కొత్తదానిలా ఉంది.

ఆ రాత్రి బస మేడమీద గదిలో. శుభ్రంగానే ఉంది, కానీ స్థలం లేక ప్యాడ్లని స్నానాలగది గోడకి ఆనించాం. పొద్దున్నకి కొత్తవి రెండూ విల్లులా వంగాయి. మర్నాడు కింది అంతస్తులో గది అడిగి తీసుకున్నాం. అది పాతదే అయినా నేల విశాలం, పొడిగా ఉంది. బల్లపరుపుగా పరిచి పైన బరువు పెడితే రెండు రోజుల్లో చాలావరకు సర్దుకున్నాయి. ఈ పని మీద వెళ్లేవాళ్లు గదిలో మంచం కంటే ముందు నేల చూసుకోండి.

రెండో చోట రెక్సిన్ మీద గీతలు వేయించాం. పాత ప్యాడ్ మీద కుట్టులా కనిపించే ఆ గీతల్లో దారం ఉండదు. హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో రెక్సిన్‌లోని పీవీసీ ప్లాస్టిక్‌ని లోపలినుంచే వేడెక్కించి, అచ్చు కింద నొక్కి అతికిస్తారు. మా గీతలకి సరిపడే అచ్చు వాళ్ల దగ్గరుంది. రెండు రోజులు ఆగమన్నారు, ఆగాం. మిషను మీద కుట్టించేస్తే గంటలో అయిపోయేది, కానీ సూది రంధ్రాలతో ఆ నునుపు రాదు. ఆగినందుకు నాకు ఏ బాధా లేదు.

మూడో చోటు ఓ రేకుల షెడ్డు. కూర్చోవడానికి చోటు లేదు, చెప్పిన టైముకి పని కాదు. అయినా ఈ యాత్రలో అన్నిటికంటే విలువైన చోటు అదే. అక్కడి పెద్దాయన ప్యాడ్ల వైపు చూడకుండానే అద్దం పక్కనుంచి మగ్గుడు నీళ్లు పోశాడు. ఒక్క చుక్క కిందికి రాలేదు. తలుపు అడుగు రంధ్రాల్లో తీగ పెట్టి పొడిస్తే బురద బుడబుడా కారింది.

"అద్దం రబ్బరు ఎంత మంచిదైనా నీళ్లు లోపలికి దిగుతాయి సార్. పోయే దారి లేకపోతే ప్యాడే తాగుతుంది. ఇక్కడుండాల్సిన ప్లాస్టిక్ షీట్ ఏదీ?"

ఎవరో ఎప్పుడో పీకేశారు. దళసరి పాలిథిన్ కత్తిరించి, బ్యూటైల్ టేపుతో, అంటే నీళ్లు చొరబడని జిగురు రబ్బరు పట్టీతో, చుట్టూ అతికించి, కింది అంచుని తలుపు లోపలికే మడిచాడు, నీళ్లు అటే పడేలా. హార్డ్‌బోర్డు బదులు నీళ్లు తట్టుకునే 3 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌ని పాత ప్యాడ్ కొలతకి కోశాడు. బంక రెండు వైపులా రాసి, వేలికి అంటనంత వరకు ఆరనిచ్చి, మధ్యనుంచి అంచులకి నొక్కుకుంటూ వచ్చాడు. మూలల దగ్గర రెక్సిన్‌ని హెయిర్ డ్రయ్యరుతో మెత్తబరిచి, వెనక వైపు చిన్న చిన్న గాట్లు పెట్టి మడిచాడు. ఒక్క ముడత లేదు. తుప్పుపట్టిన క్లిప్పులన్నీ మార్పించాం.

తిరుగు ప్రయాణంలో సగం దారిలో వాన పట్టుకుంది. కారాపి చూస్తే తలుపు అడుగునుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. లోపల ప్యాడ్ కింది అంచు పొడవునా వేలు నడిపాను, పొడిగా ఉంది. ఎడమవైపు అద్దం హ్యాండిల్ మాత్రం తిప్పినప్పుడల్లా రెక్సిన్‌ని కాస్త రాస్తోంది. దాని వెనక ప్లాస్టిక్ వాషరు ఒకటి వెయ్యాలి.