ఫోన్ పలకరింపు సేవలు: చేరే ముందు ఏం చూడాలి

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు వారానికి ఇన్నిసార్లని ఫోన్ చేసి కాసేపు మాట్లాడే సేవలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కొన్ని ఉచితం, కొన్ని నెలకింతని తీసుకుంటాయి. పేర్లు వేరైనా లోపల జరిగే పని ఒకటే కాబట్టి ఒక్క సంస్థని కాకుండా ఈ సేవనే పరీక్షించి చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తాం. ఒకే మనిషి, చెప్పిన వేళకి, వినడం కోసం ఫోన్ చేస్తుంటే చేరండి. ఈ మూడిట్లో ఏ ఒక్కటి తప్పినా అది మందుల వేళ గుర్తుచేసే కాల్ స్థాయికి పడిపోతుంది.

పది నిమిషాల మాటకి ఇంత ఆలోచన ఎందుకంటే, ఇది కాలక్షేపం వ్యవహారం కాదు. 148 అధ్యయనాల్లోని 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాల్ని కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో, మనుషులతో గట్టి సంబంధాలు ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం లేనివాళ్లకన్నా దాదాపు 50 శాతం ఎక్కువని తేలింది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా సుమారు 8,71,000 మరణాలకి దానితో సంబంధం ఉందని అంచనా. తోడు లేదన్న బెంగ ఏళ్ల తరబడి ఉంటే నిద్ర తెగిపోతుంది, ఒంట్లో ఒత్తిడి తగ్గదు. దానికితోడు మాట తడబడుతోందనో, నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదనో గమనించే మనిషే ఉండరు.

ఫోన్‌తో ఇదంతా తీరుతుందా? కొంత తీరుతుంది. 2021లో ప్రచురితమైన ఒక ప్రయోగం అమెరికాలోని టెక్సస్‌లో, ఇంటికే భోజనం తెప్పించుకునే 240 మందితో జరిగింది. ఫోన్ చేసింది డాక్టర్లు కారు, 17 నుంచి 23 ఏళ్ల కుర్రవాళ్లు. మొదట రోజూ ఫోన్ చేసి, తర్వాత ఎన్నిసార్లు కావాలో పెద్దవాళ్లనే అడిగారు. వారానికి రెండుకి మాత్రం తగ్గనివ్వలేదు. నాలుగు వారాలయ్యేసరికి ఒంటరితనం కొలతలో, దిగులులో, ఆందోళనలో మెరుగు కనిపించింది. అది నాలుగు వారాల ఫలితమేనని మరిచిపోవద్దు. ఏడాది ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ ప్రయోగాన్ని చూపించి ఏడాదికి హామీ ఇస్తే ఒప్పుకోకండి.

సేవ నాణ్యత తేల్చుకోవడానికి మేం మొదట అడిగేది కాల్ తర్వాత రాసుకునే నోట్. చాలాచోట్ల అందులో "కాల్ పూర్తయింది, 4 నిమిషాలు, బాగున్నారు" అని మాత్రమే ఉంటుంది. మంచి నోట్ ఇలా ఉంటుంది: "ఎడమ మోకాలు నొప్పి, మెట్లు దిగడం లేదు. మనవరాలికి బుధవారం పరీక్ష. రేడియో పాడైంది, దాని గురించే ఎక్కువ మాట్లాడారు." గురువారం ఫోన్ ఎత్తగానే "అమ్మమ్మగారూ, పరీక్ష ఎలా రాసిందట?" అని అడగ్గలిగేది ఈ రెండో నోట్ రాసినవాళ్లే. నిన్నటి మాట ఇవాళ ఇంకొకరికి గుర్తుండటమే ఈ సేవలో అసలు మందు. అందుకే రోజుకో కొత్త గొంతు పంపే సంస్థలు, ఎంత పేరున్నవైనా, మా లెక్కలో వెనకబడతాయి. మనిషి మారినప్పుడల్లా పెద్దవాళ్లు తమ కథ మొదటినుంచి చెప్పుకోవాలి. మూడోసారికి విసిగి "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేస్తారు.

రెండో తప్పు సలహాలు. "నిద్ర పట్టడం లేదు" అనగానే "పాలు తాగండి, నడవండి" అని మొదలుపెడితే అక్కడితో మాట ఆగిపోతుంది. "ఎన్నాళ్లనుంచి? మెలకువ వచ్చాక ఏం చేస్తుంటారు?" అని అడిగితే సాగుతుంది. అవతల మౌనం వచ్చినప్పుడు మనసులో అయిదు దాకా లెక్కపెట్టి గాని నోరు తెరవకూడదు. పెద్దవాళ్లు అసలు సంగతి చాలాసార్లు ఆ మౌనం తర్వాతే చెబుతారు. శిక్షణలో ఇది నేర్పుతున్నారా అని అడిగి చూడండి. ప్రశ్నల పట్టీ చదివించే చోట మాత్రం ఆ మౌనానికి తావే ఉండదు.

వినికిడి సంగతి దాదాపు అందరూ వదిలేస్తారు. చెవి వెనక పెట్టుకునే వినికిడి యంత్రం ఉన్నవాళ్లు ఫోన్‌ని చెవి రంధ్రానికి ఆనిస్తే మాట సరిగా అందదు, ఎందుకంటే యంత్రం మైకు చెవి పైభాగంలో ఉంటుంది. ఫోన్‌ని కొంచెం పైకి జరిపి అక్కడికి దగ్గరగా పట్టుకోవాలి. కూత వస్తే కాస్త ఎడంగా జరపాలి, లేదా స్పీకర్ పెట్టాలి. మొదటి కాల్ ఇంట్లో ఎవరైనా పక్కన ఉన్నప్పుడు చేయించి ఇది సరిచూసుకోండి. "మా నాన్నగారికి ఈ సేవ నచ్చలేదు" అన్న ఫిర్యాదుల వెనక కొన్నిసార్లు ఉండేది మాట వినబడకపోవడమే.

ఫోన్ ఎత్తకపోతే ఏం చేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. పదిహేను నిమిషాలయ్యాక ఒకసారి, గంటయ్యాక మరోసారి ప్రయత్నించి, ఆపైన మీరిచ్చిన నంబరుకి చెప్పాలి. "రేపు మళ్లీ చేస్తాం" అనేది జవాబు కాదు. డబ్బు, బ్యాంకు, ఓటీపీ మాట కాల్‌లో ఎప్పుడూ రాకూడదన్న నియమం ఉందో లేదో చూడండి. పెద్దవాళ్లకీ అది ముందే చెప్పి ఉంచాలి. ఇంకొకటి: వాళ్లు చెప్పుకున్న ప్రతి మాటా పిల్లలకు చేరవేయకూడదు. ప్రాణాపాయం అనిపిస్తే తప్ప, "మీ అబ్బాయికి చెప్పమంటారా?" అని అడిగాకే చెప్పాలి. కోడలి మీద చెప్పుకున్న చిన్న బాధ సాయంత్రానికి కొడుకు చెవిన పడితే ఇక ఆ ఫోన్‌లో వాతావరణం గురించే మాట్లాడతారు.

ఫలితం కొలవడానికి, అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం పేరుతో ఉన్న మూడు ప్రశ్నల ఒంటరితనం కొలత చాలు. తోడు లేదని, పక్కన పెట్టేశారని, అందరికీ దూరమైపోయానని ఎంత తరచుగా అనిపిస్తోంది? దాదాపు ఎప్పుడూ లేదంటే 1, అప్పుడప్పుడంటే 2, తరచుగా అంటే 3. మొత్తం 3 నుంచి 9 మధ్య వస్తుంది. 6 గాని ఆపైన గాని వస్తే ఒంటరితనంగా లెక్కిస్తారు. చేరేముందు ఒకసారి, నాలుగు వారాలయ్యాక మరోసారి అడగండి. రోజూ ఫోన్ చేసే మనిషితో మాత్రం అడిగించకండి. మొహమాటానికి మంచి మార్కులే పడతాయి.

ఈ సేవ అందరికీ కాదు. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవాళ్లకి కనిపించని గొంతు గాభరా పెట్టవచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషే కావాలనుకునేవాళ్లకీ దీంతో తృప్తి ఉండదు. అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది, సేవ మొదలయ్యాక ఇంటివాళ్ల ఫోన్లు తగ్గిపోవడం. "రోజూ ఎవరో మాట్లాడుతున్నారుగా" అనుకుంటారు. వచ్చే పలకరింపుల మొత్తం పెరగకపోతే సేవ పెట్టించి లాభం లేదు. చేరిన రోజే మీ వంతు కాల్ ఏ రోజు, ఏ వేళకో కాగితం మీద రాసి వాళ్ల ఫోన్ పక్కన అంటించండి.

మానేయాల్సి వస్తే ఉన్నపళంగా ఆపకండి. మూడు నాలుగు వారాల ముందే చెప్పి, రోజూ ఉన్నదాన్ని వారానికి రెండుకి, తర్వాత ఒకటికి దించమనండి. ఆఖరి కాల్ కొత్తవాళ్లు కాకుండా అలవాటైన మనిషే చేసి, ఇదే చివరి ఫోనని తన నోటితోనే చెప్పాలి.