టెరెల్ మ్యూజియం, ఆ పైన ఓక్‌లాండ్ సమాధుల తోట

డల్లాస్‌కు తూర్పున దాదాపు 30 మైళ్ళ దూరంలో ఉన్న టెరెల్ పట్టణంలో, విమానాశ్రయం దగ్గర నంబర్ వన్ బ్రిటిష్ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ మ్యూజియం ఉంది. పెద్ద షెడ్డు నిండా యుద్ధవిమానాలు కనిపిస్తాయని ఆశించి వెళ్ళేవారికి ఇది చిన్నదిగానే తోస్తుంది. పాత ఫొటోలను, యూనిఫాంలను, కాగితాలను ఓపికగా చూసే అలవాటున్నవారికి మాత్రం ఒక పూట ఇట్టే గడిచిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1941లో ఒకవైపు జర్మన్ దాడులు, మరోవైపు ఎప్పుడూ మబ్బు పట్టి ఉండే ఆకాశం వల్ల బ్రిటన్‌లో కొత్తవారికి విమానం నడపడం నేర్పడం కష్టమైంది. అమెరికా అప్పటికింకా యుద్ధంలోకి దిగలేదు కనుక, మొదటి బ్యాచ్‌ల కుర్రాళ్ళు కెనడా మీదుగా మామూలు దుస్తుల్లో ఇక్కడికి వచ్చారు. 1945లో మూతపడే నాటికి ఈ స్కూలులో రెండు వేల మందికి పైగా శిక్షణ పొందారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి లాగ్‌బుక్కులు, అంటే ఎగిరిన గంటల లెక్క రాసుకునే పుస్తకాలు. పగటి గంటలు, రాత్రి గంటలు, శిక్షకుడితో ఎగిరినవి, ఒంటరిగా ఎగిరినవి వేర్వేరు గడుల్లో రాసి, పేజీ చివర మొత్తం కట్టి, దానిని మన చిట్టా పుస్తకాల్లో లాగే తరువాతి పేజీకి తెచ్చుకుంటూ పోతారు. అలా తరువాతి పేజీకి చేరనివారి కోసం ఊళ్ళోనే ఉన్న ఓక్‌లాండ్ మెమోరియల్ పార్క్ అనే సమాధుల తోటకు వెళ్ళాలి. బ్రిటిష్ వైమానిక దళమైన రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు చెందిన 20 మంది అక్కడ ఉన్నారు. యుద్ధంలో చనిపోయినవారిని ఆ దగ్గరలోనే ఖననం చేయాలే తప్ప స్వదేశానికి తరలించకూడదన్నది నాటి బ్రిటిష్ విధానం కాబట్టి, కన్నవారికి వారి కడచూపు కూడా దక్కలేదు.

వీరిని బలిగొన్నది శత్రువు కాదు. 1943 ఫిబ్రవరి 20న టెరెల్ నుంచి ఓక్లహోమాలోని మయామీకి బయలుదేరిన శిక్షణ విమానాల్లో రెండు ఏటీ-6లు, వాతావరణం చెడిపోయి, కియామిచి కొండల్లో కూలగా నలుగురు మరణించారు. ఆ ప్రాంతపు బడిపిల్లల చొరవతో, సరిగ్గా 57 ఏళ్ళకు, 2000లో అదే తేదీన మోయర్స్ దగ్గర వారికి స్మారకం వెలిసింది. పోరులో పడినవారి గురించి చెప్పడానికి మనకు మాటలు కొదవ ఉండవు కానీ, దారి కనిపించక కొండను ఢీకొన్న విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి "ప్రమాదం" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. ఆ పిల్లలు అలా సరిపెట్టుకోలేదు.

డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో వైపు నుంచి వచ్చే మనవాళ్ళు మ్యూజియాన్ని, సమాధుల తోటను ఒకే రోజులో చూసి ఇల్లు చేరవచ్చు. మ్యూజియం తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని బయలుదేరండి, లాగ్‌బుక్కులు చూశాకే తోటకు వెళ్ళండి, వీలైతే నాలుగు పూలు పట్టుకెళ్ళండి.