వంగతోటలో అక్షింతల పురుగుకి వేపమందు: కొన్నేళ్ళు వాడాక

మందు కొట్టిన మర్నాటికి పురుగులు కుప్పలుగా రాలిపోవాలనుకునేవాళ్ళకి వేపమందు నచ్చదు. నెల్లిమర్ల వైపున్న మా వంగతోటలో కొన్నేళ్ళుగా వాడుతున్నాను. మానే ఉద్దేశం లేదు, కానీ దేనికి పనికొస్తుందో తెలిసి కొనాలి.

ముందు పురుగుని పోల్చుకోవాలి. ఎర్ర గోధుమ రంగు గుండ్రటి పెంకు, దానిమీద నల్ల చుక్కలు. పేనుబంకని తినే మంచి పురుగు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. మా ఊళ్ళో చాలామంది రెండింటినీ కలిపి చంపేస్తారు. మంచిదాని పెంకు నున్నగా మెరుస్తుంది. ఆకు తినేదాని మీద సన్నటి నూగుంటుంది, మసకగా కనిపిస్తుంది. అనుమానముంటే ఆకు తిప్పి చూడండి. అడుగున పసుపు గుడ్లు గుంపుగా, నిలువుగా పేర్చినట్టుంటాయి. పిల్లపురుగుదీ పసుపు రంగే, ఒళ్ళంతా ముళ్ళు. తల్లీ పిల్లా కలిసి ఈనెలు వదిలేసి పచ్చదనమంతా గీకేస్తాయి. ఆకు జల్లెడలా తయారై ఎండిపోతుంది.

వేపలో ఉండే అజాడిరక్టిన్ వల్ల పురుగు ఆకు ముట్టదు, పిల్లపురుగు కుబుసం సరిగ్గా విడవలేదు. అందుకే గుడ్లు, చిన్న పిల్లలు కనిపించినప్పుడే 1500 పీపీఎం (డబ్బా మీద రాసుండే అజాడిరక్టిన్ మోతాదు) మందు లీటరు నీళ్ళకి 5 మి.లీ. కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. పెద్ద పురుగుల మీద కొడితే డబ్బు దండగ. వాటిని పొద్దున్నే ఏరడమే. ముట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని కింద పడిపోతాయి కాబట్టి సబ్బునీళ్ళ గిన్నె కింద పట్టి ఆకు తట్టాలి. వేళ్ళకి పసుపు జిడ్డు అంటుతుంది. ఈ పనిలో మా అత్త నాకన్నా చురుకు.

ఎండకి మందు బలం తగ్గిపోతుంది, సాయంత్రమే కొట్టాలి. వారం, పది రోజులకి మళ్ళీ కొట్టాలి. అల్పపీడనం పట్టి వాన కురిసిందా, పని మళ్ళీ మొదటికే.

ఒకసారి కొన్న డబ్బాలో వేప వాసనే లేదు. అప్పట్నుంచి ఎక్కువగా కషాయమే చేస్తున్నాం. వేసవి చివర రాలిన వేపగింజలు నీడన ఎండబెట్టి దాస్తాం. 5 కిలోల గింజల పొడి మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, కాస్త సబ్బుపొడి వేసి 100 లీటర్లు చేస్తాం. బూజు పట్టిన గింజ వద్దు. చాకిరీ ఎక్కువే, కానీ నమ్మకం.

ఇంత తంటా ఎందుకంటే, వంకాయ మూడు నాలుగు రోజులకోసారి కోసి విజయనగరం రైతుబజారుకి వేయాలి. గట్టి రసాయనం కొట్టి, కాయ కోయకూడని గడువు దాటేదాకా ఆగితే కాయ ముదిరిపోతుంది.

గోధుమ రంగుకి మారి ఆకుకి అంటుకుపోయిన పిల్లపురుగులు కనిపిస్తే ఏరకండి, వాటి లోపల మనకి మేలుచేసే చిన్న కందిరీగలు పెరుగుతుంటాయి. గట్టుమీద కామంచి, ఉమ్మెత్త మాత్రం ఉంచకండి, పురుగు అక్కడా బతుకుతుంది.

కొన్ని సెంట్ల తోటకైతే ధైర్యంగా కొనొచ్చు. ఎకరాల్లో వేసినవాళ్ళకి ఏరడానికి కూలీ ఖర్చు కూడా తోడవుతుంది, లెక్క చూసుకోండి. కొమ్మ, కాయ తొలిచే పురుగుకి మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. దానికి వాలిన కొమ్మలు తుంచేయడం, లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగపురుగుల్ని రప్పించి పట్టేవి) పెట్టడం వేరే పని.