మాఘంలో పెళ్ళి, ఆషాఢం నుంచే తయారీ: శ్రీకాకుళం నుంచి చర్మం డాక్టర్ల దగ్గరికి మా ప్రయాణాలు

మా చెల్లి పెళ్ళి మాఘమాసంలో. మొటిమలు, వాటి మచ్చలు, గడ్డం కింద వెంట్రుకలు తగ్గించుకోవాలని తనకి ఎప్పటినుంచో ఉంది. శ్రీకాకుళంలో ఉంటూ దేనికి విశాఖపట్నం వెళ్ళాలో, ఏది మన ఊళ్ళోనే అయిపోతుందో తిరిగి తెలుసుకున్నాం. పెళ్ళి పెట్టుకున్న ఇళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట రిమ్స్‌కి వెళ్ళాం. గవర్నమెంట్ ఆసుపత్రిలో చర్మం ఓపీ అంటే గజ్జి, తామరకే అనుకుంటారు చాలామంది. మొటిమలకి కూడా చక్కగా చూస్తారు. పొద్దున్నే వెళ్ళి చీటీ రాయించుకోవాలి, క్యూ తప్పదు, కూర్చోడానికి చోటు దొరకడం కష్టం. కానీ అక్కడి డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న నాకు బాగా నచ్చింది: "ఇప్పటిదాకా ముఖానికి ఏమేం రాశావమ్మా?"

ఆ ప్రశ్న ఎందుకో మా బంధువుల అమ్మాయిని చూస్తే అర్థమవుతుంది. ఒక బ్యూటీ పార్లర్లో పేరు, కంపెనీ ఏమీ లేని డబ్బాలో తెల్లబడే క్రీము ఇచ్చారు. రాసినన్నాళ్ళూ ముఖం మెరిసింది. ఆపగానే ఎర్రబడి, మంటపుట్టి, కురుపులు లేచాయి. ఇలాంటి వాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కలుస్తుంటాయి. వాటిని ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి రక్తనాళాలు కనిపిస్తాయి. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. పెళ్ళికూతురికి ఎవరు ఏ డబ్బా ఇచ్చినా ముందు మూత మీద ఏం రాసి ఉందో చూడండి. తెల్లబడటానికి గ్లూటాథయాన్ ఇంజెక్షన్లని ఒకచోట మాకూ చెప్పారు. రంగు మార్చుకోవడానికి సూది మందు ఎక్కించుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. చెల్లి చామనఛాయలోనే ఎంతో బాగుంటుంది.

మొటిమల మందు పనిచేయడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. అందుకే ఆషాఢంలో మొదలుపెట్టాం. ముహూర్తాలు లేని నెల, చుట్టాల ఇళ్ళకి పరుగులుండవు, మబ్బు పట్టి ఎండ కూడా తగ్గుతుంది. ఒక విషయం మాత్రం తల్లులు సిగ్గుపడకుండా మాట్లాడాలి. మొటిమలు బాగా ఎక్కువైతే ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాస్తారు. అవి వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి. ఆపాక కూడా కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్ళి తేదీ డాక్టరుకి మొదటిరోజే చెప్పేయాలి.

విజయనగరం మాకు మధ్యస్థంగా కుదిరింది. అక్కడ మావయ్య వాళ్ళుండటంతో బస ఖర్చు లేదు. డాక్టరు దగ్గర మచ్చలకి పీలింగ్ (యాసిడ్ పూసి చర్మం పైపొర ఊడేలా చేయడం) చేయించి, ఆ సాయంత్రమే మూడు లాంతర్ల దగ్గర నుంచి గంటస్తంభం వైపు జాకెట్ల పని చూసుకునేవాళ్ళం. గ్లైకోలిక్ యాసిడ్ లాంటి తేలిక పీల్ రెండు, మూడు వారాలకోసారి చేస్తారు. ఆఖరిది పెళ్ళికి కనీసం రెండు వారాల ముందు అయిపోవాలి. మన రంగు చర్మం కమిలితే నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది, అందుకే గాఢమైన పీల్ వద్దన్నారు. దసరా తర్వాత వచ్చే మంగళవారం అక్కడ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజుల్లో అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి, ఊళ్ళో అడుగు పెట్టే చోటుండదు.

గడ్డం కింద వెంట్రుకలకి లేజర్ కోసం విశాఖ వెళ్ళక తప్పలేదు. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు, ఒక్కోదానికి నాలుగు నుంచి ఆరు వారాల ఎడం. లెక్కేస్తే ఆషాఢం నుంచి పుష్యం దాకా ఆరు సిట్టింగులకి సరిపోతుంది. నెల ముందు వచ్చి ప్యాకేజీ కట్టేవాళ్ళని చూస్తే బాధేసింది. మేము చూసిన వాటిలో ఒకచోట రిసెప్షన్లో కూర్చున్న అమ్మాయే అన్నీ చెప్పి, డాక్టరుని కలవకుండానే డబ్బు కట్టమంది. అక్కణ్ణుంచి వచ్చేశాం. చివరికి ఎంచుకున్న చోట ఎం.డి. డి.వి.ఎల్. (చర్మవ్యాధుల పీజీ) చదివిన డాక్టరమ్మ ముందు నెలసరి గురించి అడిగి, హార్మోన్ల పరీక్షలు రాశారు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పి, వెంట్రుకలు పెరిగే సమస్య) ఉంటే దానికి మందు వాడకుండా లేజర్ ఒక్కటే చేయిస్తే మళ్ళీ వెంట్రుకలు వస్తాయట. నల్లటి చర్మానికి ఎన్‌డీ యాగ్ లేజర్ క్షేమం, మీ దగ్గర ఏ యంత్రం ఉందని అడగండి. సిట్టింగుల మధ్య త్రెడింగ్, వ్యాక్సింగ్ చేయించకూడదు, షేవింగ్ చేసుకోవచ్చు.

ప్రయాణం సంగతి. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కడం కంటే ఆర్టీసీ కాంప్లెక్సులో నాన్‌స్టాప్ బస్సే మాకు సుఖం. పొద్దున్న వెళ్ళేటప్పుడూ, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ఎండ ఎడమ పక్కనే కొడుతుంది, కాబట్టి డ్రైవరు వైపు సీట్లు తీసుకోండి. లేజర్ అయిన ముఖానికి ఎండ పడకూడదు. ఆలస్యమైతే విశాఖలోనే ద్వారకా బస్టేషన్ దగ్గర లాడ్జిలో ఉన్నాం. గది చిన్నది, బస్సుల హారన్లు రాత్రంతా వినిపిస్తాయి, కానీ శుభ్రంగా ఉంది. బీచ్ రోడ్డు హోటళ్ళు అందంగా ఉంటాయి, ఈ పనికి వాటి ఖర్చు అనవసరం.

మేకప్ మాత్రం శ్రీకాకుళం అమ్మాయికే ఇచ్చాం. ట్రయల్ చేసి, దాంతోనే వంటగదిలో గంటసేపు ఉండమంది చెల్లిని. చెమటకి ఏది నిలుస్తుందో అక్కడే తేలిపోయింది. ఆఖరి వారం కొత్త క్రీము, కొత్త ఫేషియల్, బ్లీచ్ ఏదీ ముట్టుకోలేదు.

నలుగు దగ్గర పెద్దమ్మతో కాస్త మాట్లాడాల్సి వచ్చింది. సున్నిపిండితో గట్టిగా రుద్దితే పీలింగ్ అయిన చర్మం మండుతుందని చెబితే, ముఖానికి పసుపు తాకించి, చేతులకీ కాళ్ళకీ తృప్తిగా నలుగు పెట్టింది. గోరింటాకు పెరటి చెట్టుదే రుబ్బించాం. క్షణాల్లో నల్లగా పండే కోన్లలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు, అది కొందరికి బొబ్బలు తెప్పిస్తుంది. కోనే కావాలంటే పది రోజుల ముందు మోచేతి లోపల చిన్న చుక్క పెట్టి రెండు రోజులు చూడండి.