దాళ్వా వరికి ‘ఉపగ్రహ ఆరోగ్య నివేదిక’ కొనబోయే రైతులకు జాగ్రత్త హెచ్చరిక

సార్వా (ఖరీఫ్) కోతలు ముగిసి దాళ్వా (రబీ) నారుమళ్లు పోసే వేళకు, ఉపగ్రహ చిత్రాలతో పంట ఆరోగ్యాన్ని సీజనంతా కనిపెట్టి ఎప్పటికప్పుడు చెబుతామంటూ, ఎకరానికి ఇంత అని ముందుగానే సొమ్ము కట్టించుకునే ఏజెంట్లు గోదావరి డెల్టా గ్రామాల్లో తిరుగుతున్నారు. నరసాపురం కాలువ కింద సాగు చేసే మేము కొందరం, అందులో ఎక్కువమంది కౌలుదారులం, గత దాళ్వాకు ఈ సేవ తీసుకున్నాము. మాకు చెప్పినదేమిటో, చివరికి అందినదేమిటో ఇతర రైతులు డబ్బు కట్టకముందే తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

ఊడ్పులు పూర్తయిన కొద్ది రోజులకే ఫోనులో మొదటి పటం వచ్చింది. చేను మొత్తం ఎర్రగా చూపించి, పంట తీవ్రమైన ఒత్తిడిలో ఉందని రాశారు. ఆ మాట కిందనే అదే కంపెనీ టానిక్ సీసాను ఆర్డరు చేయమని ఒక బటన్ పెట్టారు. ఇక్కడ అసలు సంగతి గమనించాలి. ఈ పటాలకు ఆధారమైన ఎన్‌డీవీఐ అనే పచ్చదనపు సూచిక ఎరుపు కాంతికీ, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతికీ మధ్య తేడాను కొలుస్తుంది. ఆరోగ్యమైన పచ్చని ఆకు ఎరుపును పీల్చుకుని పరారుణాన్ని వెనక్కి పంపుతుంది, నీరు మాత్రం ఆ పరారుణాన్ని కూడా పీల్చేసుకుంటుంది. కొత్తగా ఊడ్చిన చేలో నారు మొక్కల కంటే వాటి మధ్య నిలిచిన నీరే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఏ తెగులూ లేని చేనుకైనా ఆ దశలో సూచిక తక్కువగానే వస్తుంది, పటంలో అది ఎర్రగా పడుతుంది. వరి సాగు తెలిసినవారెవరూ దానిని రోగంగా చెప్పరు. అయినా ఆ ఎరుపును చూసి భయపడి మాలో చాలామంది సీసాలు కొన్నారు. వాటి మీద ఏ పోషకం ఎంత శాతం ఉందో రాయలేదు, సరైన బిల్లు కూడా ఇవ్వలేదు.

అదే సమయంలో మా పక్క చేనుకు నిజంగానే జింకు లోపం వచ్చింది. దాళ్వాలో రాత్రి చలికి ఇది తరచుగా కనిపించేదే. ముదురు ఆకుల మీద మధ్య ఈనెకు రెండు వైపులా తుప్పు రంగు మచ్చలు లేచాయి, దుబ్బులు గిడసబారాయి, ఆకును వేళ్ల మధ్య వంచితే చిటుక్కున విరిగింది. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, అయిదు రోజుల వ్యవధితో రెండు మూడు సార్లు పిచికారీ చేయడం దీనికి సిఫారసు చేసిన పద్ధతి. ఖర్చు ఆ టానిక్ సీసా ధరలో చిన్న వంతు. పటంలో మాత్రం ఆ చేనూ, ఏ లోపమూ లేని మా చేనూ ఒకే ఎరుపులో కనిపించాయి.

తరువాతి దశలో జరిగిన నష్టం ఇంతకంటే పెద్దది. పైరు కమ్ముకున్నాక ఈ సూచిక దాదాపు గరిష్ఠానికి చేరి అక్కడే ఆగిపోతుంది, ఆ పైన పంటలో వచ్చే తేడాలను సరిగా పట్టదు. పొట్ట దశలో, అంటే కంకి ఇంకా బయటకు రాకముందు, మాకు వచ్చిన పటాలన్నీ ముదురు ఆకుపచ్చగానే ఉన్నాయి. కాండం తొలిచే పురుగు లోపల తింటున్నప్పుడు కూడా ఆకులు పచ్చగానే ఉంటాయి. ఈనిన తరువాత తెల్ల కంకులు బయటపడితేనే అది మనకు తెలుస్తుంది, ఆ కంకిని పట్టి లాగితే సులువుగా ఊడి వస్తుంది. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంది కాబట్టి పైనుంచి చూసే ఏ కెమెరాకూ అది చిక్కదు. చేను సుడులు సుడులుగా ఎండిన తరువాత పటంలో మచ్చ కనిపించినా అప్పటికి చేయగలిగింది స్వల్పమే. ‘మీ పంట ఆరోగ్యంగా ఉంది’ అన్న సందేశాన్ని నమ్మి గట్టు దిగడం తగ్గించిన కౌలు రైతు ఒకరు కళ్లెదుటే దిగుబడి పోగొట్టుకున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

మన కమతాల పరిమాణం కూడా ఈ సేవకు సరిపోదు. ఈ కంపెనీలు సాధారణంగా వాడే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే సుమారు రెండున్నర సెంట్లు. ముప్పై సెంట్ల మడిలో అలాంటివి పన్నెండు పడతాయి, వాటిలోనూ సగానికి పైగా గట్టు మీది కొబ్బరి చెట్లనో, పంట బోదెనో, పక్కనున్న రొయ్యల చెరువునో కలుపుకుని ఉంటాయి. మా చేలలో చెరువు వైపు అంచు సీజనంతా ‘బలహీనం’ అని చూపించడానికి వేరే కారణం లేదు.

ఫిబ్రవరి నివేదికలో మరొక విచిత్రం కనిపించింది: ‘పంట చలికాలపు నిద్ర నుంచి లేచి వసంతకాలపు ఎదుగుదల మొదలుపెట్టింది, పిలకలు లెక్కించి నత్రజని మోతాదు నిర్ణయించండి’ అని రాశారు. ఐరోపాలో శరదృతువులో విత్తిన గోధుమ చలికి ఎదుగుదల దాదాపు ఆపి, వసంతంలో తిరిగి పుంజుకుంటుంది. పెద్ద పెద్ద కమతాల్లో ఆ పంటకు ఇటువంటి పరిశీలన నిజంగా ఉపయోగమే. డిసెంబరు, జనవరిలో ఊడ్చి ఏప్రిల్‌లో కోసే మన దాళ్వా వరికి అలాంటి నిద్ర ఉండదు. గోధుమకు తయారుచేసిన నివేదికలో పంట పేరు మార్చి మనకు అమ్మారని దీన్నిబట్టి నేను అనుకుంటున్నాను.

ఉపగ్రహ చిత్రాలు పనికిరావని నేను అనడం లేదు. సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి అందరికీ ఉచితంగానే దొరుకుతున్నాయి. ఒక ప్రాంతంలో ఎంత మేర సాగయిందో, ఎంత మేర ముంపుకు గురైందో అంచనా వేయడానికి అవి బాగా ఉపయోగపడతాయి. ఇంకా ఈ సేవ తీసుకోవాలనుకునేవారు కొనే ముందు ఏజెంటును కొన్ని ప్రశ్నలు అడగాలి: వరికి ఈ పద్ధతిని డెల్టా చేలల్లో పరీక్షించారా, మబ్బు పట్టిన వారాల్లో ఏం పంపుతారు, పటంలో మచ్చ వస్తే చేనుకు వచ్చి చూసేదెవరు, నివేదికకూ మందుల అమ్మకానికీ సంబంధం ఉందా. చివరి ప్రశ్నకు తడబడితే కట్టవద్దు. నత్రజని అవసరం తెలుసుకోవడానికి ఆకు రంగుల పట్టిక చాలు. పది దుబ్బులలో పూర్తిగా విచ్చుకున్న పై ఆకును మన నీడలో ఉంచి పట్టికతో పోల్చుకోవాలి. తెగులు మీద అనుమానం వస్తే దుబ్బును వేళ్లతో సహా పీకి రైతు సేవా కేంద్రానికి గానీ, మార్టేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలకు గానీ చూపించండి.

ఇప్పటికే సొమ్ము కట్టి నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లవచ్చు; కొన్న ధర అయిదు లక్షల రూపాయలకు మించకపోతే ఫీజు ఉండదు. సీసాల విషయం మండల వ్యవసాయాధికారికి విడిగా రాసి ఇవ్వండి, ఎందుకంటే 2021 నుంచి ఇటువంటి టానిక్‌ల పేరుతో అమ్మే జీవ ఉత్ప్రేరకాలు (బయోస్టిమ్యులెంట్లు) కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. మాకు సీజను ముగియగానే పాత పటాలు యాప్‌లో కనిపించకుండా పోయాయి కాబట్టి, ప్రతి నివేదికనూ, డబ్బు చెల్లించిన రసీదునూ, సీసా లేబులునూ ఇప్పుడే ఫోనులో ఫొటో తీసి దాచుకోండి.