బలమైన గుర్రానికి ఏ కళ్లెం: కరకట్ట మీద ఏళ్ల వాడకం తర్వాత

నాది మార్వాడీ గుర్రం. మెడ ఎత్తు, ఛాతీ వెడల్పు, ముందుకు దూసుకుపోవాలన్న ఆత్రం మెండు. మైదానంలో గుండ్రంగా తిప్పినంతసేపు ఏ కళ్లెం వేసినా మాట వింటుంది. అసలు పరీక్ష ఉండవల్లి దాటి కరకట్ట ఎక్కాకే. ఒకవైపు కృష్ణ, మరోవైపు అరటి తోటలు, ఎదురుగా ఇసుక లారీ. ఇంటివైపు మళ్లితే పగ్గాలు చేతుల్లోంచి లాక్కుపోతుంది. ఏళ్ల తరబడి ఆ దారిలో వాడి చూశాక నా తీర్పు ఇది: శిక్షణకు, మామూలు సవారీకి రెండు కీళ్ల స్నాఫిల్ (పగ్గం లాగుడు నేరుగా నోటికి తగిలే సాదా కళ్లెం), వాహనాలు తిరిగే దారికి రెండు జతల పగ్గాలతో పెల్హామ్ (పక్కల కాడలు, గడ్డం కింద గొలుసు ఉండే కళ్లెం). ఇంతకు మించిన ఇనుము ఆ నోటికి అక్కర్లేదు.

మొండి గుర్రం అనగానే చాలామంది ముళ్ల కళ్లెం వేయమంటారు. ఊరేగింపు గుర్రాల నోళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. బరువులు లాగే, మోసే జంతువుల రక్షణకు 1965లో వచ్చిన కేంద్ర నియమాలు దాన్ని నిషేధించాయి. చట్టం సంగతి అలా ఉంచినా, దానితో పని జరగదు. కళ్లెం ఆనేది ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉన్న ఖాళీ చిగురు మీద. అక్కడ పలుచని పొర కిందే ఎముక ఉంటుంది. గుర్రం నొప్పి నుంచి పారిపోయే జంతువు. నొప్పి నోట్లోనే ఉంటే ఇంకా వేగంగా పరుగెడుతుంది.

ఒకే కీలు ఉన్న స్నాఫిల్ మా గుర్రానికి పడలేదు. రెండు పగ్గాలూ కలిపి లాగితే అది అడకత్తెరలా ముడుచుకుని నాలుకను నొక్కుతుంది. గుర్రం నోరు తెరిచి తల పైకెత్తేది. నడుమ చిన్న నున్నని బిళ్ల ఉండే రెండు కీళ్ల రకం వేశాక నమలడం మొదలుపెట్టింది, పెదవుల చుట్టూ పలుచగా నురుగు కనిపించింది. అప్పటినుంచి శిక్షణకు అదే. నోట్లో ఉండే కడ్డీ లావైతే మెత్తన అనే నమ్మకం కూడా అన్ని గుర్రాలకూ వర్తించదు. నోట్లో చోటు తక్కువైతే లావు కడ్డీ నాలుకను అణిచేస్తుంది.

మూడు రింగుల గ్యాగ్ అనే కళ్లెం నోటి కొసలను పైకి లాగుతుంది. అసలే తల ఎత్తి నడిచే మార్వాడీకి అది నప్పదని నా గట్టి అభిప్రాయం. గడ్డం గొలుసు ఉండే మరో రకం, కింబుల్‌విక్, ఫరవాలేదు. కానీ ఒకటే పగ్గం కాబట్టి మెల్లగా చెప్పడానికీ గట్టిగా చెప్పడానికీ విడివిడి దారులు ఉండవు. కొన్నాళ్లకు గుర్రం దాని మీద బరువు మోపుతుంది.

పెల్హామ్ గొప్పతనం ఆ రెండో పగ్గంలోనే ఉంది. పై పగ్గం దాదాపు స్నాఫిల్‌లా పలుకుతుంది. కింది పగ్గం లాగితే దాన్ని కట్టిన పక్క కాడ వెనక్కి వాలి, గడ్డం కింది గొలుసు బిగిసి, నడినెత్తి మీద కూడా ఒత్తిడి పడుతుంది. గొలుసు మెలికలు లేకుండా పరుచుకోవాలి, కాడ సుమారు 45 డిగ్రీలు వాలాకే ఆనాలి. వెంకటపాలెం దగ్గర ఒకసారి పట్టా టపటపలాడుతున్న లారీ ఎదురైంది. గుర్రం చెవుల కొనలు ఒకదానికొకటి తాకేలా నిక్కాయి, వీపు బిగిసింది. కింది పగ్గాన్ని వేళ్లతో నొక్కి వెంటనే వదిలాను. గడ్డం లోపలికి దిగింది, నోరు మాత్రం తెరుచుకోలేదు. లారీ దాటేదాకా గట్టు అంచున నిలబడే ఉంది. ఆ వదలడమే ముఖ్యం. పట్టుకుని వేలాడితే గుర్రమూ ఎదురు వేలాడుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఒక పక్కకు తిప్పేటప్పుడు స్నాఫిల్ అంత స్పష్టంగా ఉండదు. చేతులు కుదురుగా నిలవని కొత్తవారికి ఇవ్వకూడదు. రెండు రింగులను తోలు పట్టీతో కలిపి ఒకే పగ్గం వేసేవారున్నారు; అలా చేస్తే ఈ కళ్లెం కొనడంలో అర్థమే లేదు.

కొనేముందు గుర్రం పళ్లు చూపించండి. దవడ పళ్లకు ముందు చిన్న పన్ను మొలిచి ఉన్నా, పళ్ల అంచులు పదునెక్కినా ఏ కళ్లెమూ పని చేయదు. మనకు గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, ఆ అండను వాడుకోవాలి. వెడల్పు కూడా కొలవాలి: స్నాఫిల్‌కు పెదవి కొసకూ రింగుకూ మధ్య ఒక్కో పక్క అర సెంటీమీటరు చాలు, పెల్హామ్ ఇంకాస్త దగ్గరగా ఉండాలి. నికెల్ పూత వేసినవి నేను కొనడం మానేశాను. పూత లేచిన చోట అంచు కోస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలువైనా కీళ్ల దగ్గర అరుగుతాయి కాబట్టి కడిగి ఆరబెట్టాక కడ్డీ పొడవునా కాస్త దూది రాస్తాను. ఒక్క పోగు చిక్కుకున్నా ఆ కళ్లెం మళ్లీ నోట్లోకి వెళ్లదు.