చేపనూనె క్యాప్సూల్స్: సీసా మీద వెయ్యి, లోపల మూడొందలు

కడుపుతో ఉన్నప్పుడు చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు వేసుకుంటే పుట్టే బిడ్డకి ఉబ్బసం రాదని మందుల షాపుల్లో చెబుతుంటారు. ఆ మాటకి ఆధారం లేకపోలేదు. అయితే ఆ ఆధారంలో ఉన్న మోతాదు, మొదలుపెట్టిన నెల మాత్రం ఏ సీసా మీదా ఉండవు. అందుకే షాపుల్లో దొరికే రకాలను ఆ కొలతతోనే చూడాలి.

డెన్మార్క్‌లో 736 మంది గర్భిణుల్లో సగం మందికి 24వ వారం నుంచి కాన్పయ్యాక వారం దాకా రోజుకి 2.4 గ్రాముల ఒమేగా-3 ఇచ్చారు, మిగతా సగానికి ఆలివ్ నూనె. 2016లో ఫలితాలు వచ్చాయి. తగ్గకుండా వచ్చే పిల్లికూతలు లేదా ఉబ్బసం చేపనూనె తల్లుల పిల్లల్లో 16.9 శాతం, ఆలివ్ నూనె వైపు 23.7 శాతం. లాభం ఎక్కువగా కనిపించింది రక్తంలో ఈపీఏ, డీహెచ్ఏ (చేపనూనెలోని రెండు ముఖ్యమైన ఒమేగా-3 కొవ్వులు) బాగా తక్కువున్న తల్లుల దగ్గరే: అక్కడ 34.1 శాతానికి బదులు 17.5 శాతం. ఇవి ముందే సరిపడా ఉన్నవాళ్లకి చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇప్పుడు మామూలు క్యాప్సూల్ సంగతి. ముందు పెద్దక్షరాల్లో వేసే 1000 మి.గ్రా. నూనె బరువు, ఒమేగా-3 బరువు కాదు. సీసా వెనక్కి తిప్పితే సాధారణంగా ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది. రెండూ కలిపితే 300. డెన్మార్క్ మోతాదు అందాలంటే రోజుకి 8 మింగాలి. ఆరో నెల గుండెమంటకి ఎనిమిది చేప త్రేన్పులు తోడైతే వారంలో సీసా అటకెక్కుతుంది. కొన్నిట్లో పట్టికలోని అంకె రెండు క్యాప్సూల్స్‌కి కలిపి రాసింది, ‘సర్వింగ్’ (ఒక విడతకి మోతాదు) అన్న చిన్నమాట చూడకపోతే లెక్క సగానికి సగం తప్పుతుంది. ఈ పనికి దీనికి 5కి 2 మార్కులు. రెండూ కలిసి 600 దాటే గాఢమైన రకమైతే నాలుగుతో సరిపోతుంది. దానికి మూడున్నర ఇవ్వొచ్చు, అదీ చేపలు దాదాపు ముట్టని ఇంట్లో, డాక్టరు సరేనంటేనే. రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా బీపీ భయంతో ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు ముందే చెప్పాలి.

శాకాహారులకి నాచునూనె క్యాప్సూల్స్ ఉన్నాయి. వాటిలో మామూలుగా 200 మి.గ్రా. డీహెచ్ఏ, ఈపీఏ నామమాత్రం. గర్భంలో రోజువారీ డీహెచ్ఏకి మంచిదే, కానీ డెన్మార్క్‌లో వాడిన నూనెలో ఈపీఏయే ఎక్కువ, కాబట్టి ఆ ఫలితాన్ని దీనికి అంటగట్టకూడదు. అవిసె గింజల నూనె ఒంట్లో ఈపీఏగా మారేది కొద్దిగానే, డీహెచ్ఏగా ఇంకా తక్కువ. కాడ్ లివర్ నూనె మాత్రం గర్భిణులు అసలు తీసుకోవద్దు. అందులోని విటమిన్ ఏ మోతాదు మించితే పిండానికి చేటు.

కొన్నాక ఒక క్యాప్సూల్ కోసి వాసన చూడండి. సముద్రపు వాసన సరే. పాత పెయింటు డబ్బా వాసనొస్తే నూనె చెడినట్టే. నిమ్మ వాసన కలిపిన రకాల్లో ఇది కనిపెట్టలేం, అందుకే వాటికి అర మార్కు కోత. మన ఎండాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టాలి, నూనె పదార్థం ఉన్న భోజనం మధ్యలో మింగాలి.

పిల్లల సిరప్‌లు, గమ్మీలు? ఉబ్బసం కోసమైతే సున్నా. సిడ్నీలో ఉబ్బసం ఉన్న కుటుంబాల్లో పుట్టిన 616 మంది పిల్లలతో ఒక పరిశోధన జరిగింది. ఒమేగా-3 ఇచ్చిన గుంపుకి సీసాపాలు మొదలైనప్పటి నుంచి లేదా ఆరో నెల నుంచి ట్యూనా నూనె ఇచ్చి, వంటనూనె కూడా మార్చారు. మొదట పిల్లికూతలు తగ్గినట్టే అనిపించినా 5 ఏళ్లకి తేడా లేదు. ఉబ్బసం ఉన్న బిడ్డకి గమ్మీ చేతిలో పెట్టి ఇన్హేలర్ ఆపేస్తే అది ప్రమాదం.

‘డీహెచ్ఏ ఉంది’ అనే డబ్బాపాలకీ ఇదే మాట. తల్లిపాలలో డీహెచ్ఏ ఎలాగూ ఉంటుంది, తల్లి తినే చేపని బట్టి పెరుగుతుంది కూడా. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇస్తే చిన్నతనపు పిల్లికూతలు తగ్గుతాయి. పెద్దయ్యాక ఉబ్బసం రాదని మాత్రం అంత గట్టిగా చెప్పలేం. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడి ప్రకటనలని మన దేశంలో 1992 నాటి చట్టం, దానికి 2003లో చేసిన సవరణ నిషేధించాయి. అయినా ఆ డబ్బాని పొగిడేవాళ్లుంటే అనుమానించండి. ఆరు నెలలు దాటాక గుడ్డు, చేప, మెత్తగా చేసిన వేరుశనగ ఆలస్యం చేయనక్కర్లేదు. కఫం పడుతుందని అన్నంలో నెయ్యి మానేయడం కూడా అనవసరం.

చేపలు తినే ఇల్లయితే క్యాప్సూల్ కంటే నూనె కవ్వళ్ల పులుసే మేలు. వారానికి రెండు మూడు పూటలు చాలు. వేయిస్తే చేపలోని నూనె మూకుట్లోకి దిగిపోతుంది, పులుసైతే దిగినా కంచంలోకే వస్తుంది. బాలింతకి పాలు పడతాయని పెట్టే పాలసొర విషయంలో జాగ్రత్త: సొర జాతిలో పాదరసం ఎక్కువ, గర్భిణులూ పాలిచ్చే తల్లులూ మానాల్సిన చేపల పట్టికలో అదీ ఉంది.